ఫ్లష్ ట్యాంకు, కమోడ్, కొళాయిల రిపేర్లు: అనంతపురం ఇళ్ళల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీలో ఎవరింట్లో ఫ్లష్ ట్యాంకు ఆగకుండా కారినా, కమోడ్ జామ్ అయినా ఫోన్ నాకే వస్తుంది. నేను ప్లంబర్ని కాదు. పదేళ్ళుగా మా ఇంట్లో పని, మా అత్తగారింట్లో పని, కింద అద్దెకిచ్చిన రెండు పోర్షన్ల పని నేనే చేసుకుంటున్నాను, అంతే. అడిగే మనుషులు మారుతున్నారు గానీ ప్రశ్నలు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు ఏ ప్రశ్న కావాలో అదొక్కటే చదువుకున్నా పని జరుగుతుంది.

## పని మొదలుపెట్టే ముందు

నాకు ఈ పనులేవీ తెలీదు, నేను చేయగలనా? ప్లంబర్ని పిలవడమే మంచిదా?

ఫ్లష్ ట్యాంకు లోపలి సామాను, కనెక్షన్ పైపు, జెట్ గన్, కొళాయి వాషర్, సింకు కింద వేస్ట్ పైపు, ఈ ఐదూ ఎవరైనా చేసుకోవచ్చు. తప్పు చేసినా నీళ్ళు కట్టేసి మళ్ళీ మొదటి నుంచి చేయొచ్చు. గోడ లోపలి పైపు, గీజరు, కమోడ్‌ని నేల నుంచి లేపడం, సెప్టిక్ ట్యాంకు, వీటి జోలికి పోవద్దు. ఇంకో మాట. విదేశీ వీడియోల్లో కమోడ్ కింద మైనం రింగు మార్చడం చూసి మనవాళ్ళు కూడా నట్లు విప్పేస్తున్నారు. మన దగ్గర చాలా ఇళ్ళల్లో కమోడ్‌ని తెల్ల సిమెంటుతో నేలకు అతికించి ఉంటారు, బలవంతంగా కదిపితే పింగాణీ పగులుతుంది, ఇక కొత్తది కొనాల్సిందే.

ఇంట్లో ఏ సామాన్లు పెట్టుకోవాలి?

12 అంగుళాల అడ్జస్టబుల్ స్పానర్ ఒకటి, స్క్రూడ్రైవర్, రెండు టెఫ్లాన్ టేపులు, జామ్ తీసే రబ్బరు పంపు, టార్చి, పాత టూత్ బ్రష్, పాత లుంగీ గుడ్డ. ఇంతే. పైపు రెంచ్ అవసరం లేదు, దాని పళ్ళు మెరిసే నట్ల మీద గీతలు పెడతాయి. ప్లాస్టిక్ నట్లకు స్పానర్ అసలు వాడకండి, చేత్తో బిగించి ఇంకో పావు చుట్టు తిప్పితే చాలు.

గోడ దగ్గర నీళ్ళు కట్టేసే చిన్న వాల్వ్, అదే యాంగిల్ కాక్, బిగుసుకుపోయింది, తిరగడం లేదు. బలంగా తిప్పనా?

వద్దు. ఏళ్ళ తరబడి కదపకపోవడంతో లోపల ఉప్పు పట్టి ఉంటుంది. బలంగా తిప్పితే కాడ విరుగుతుంది, లేదా గోడలో ఉన్న నిపుల్ (దాన్ని పైపుకు కలిపే చిన్న మర ముక్క) తిరిగిపోయి లీకు గోడలోకి పోతుంది. మా అత్తగారింట్లో అలా జరిగితే టైల్స్ పగలగొట్టాల్సి వచ్చింది. ముందు మిద్దె మీద ట్యాంకు దగ్గరున్న వాల్వ్ కట్టేయండి. కొళాయిల్లో మిగిలిన నీళ్ళు వదిలేయండి. తర్వాత వెనిగర్‌లో తడిపిన గుడ్డను యాంగిల్ కాక్ కాడ చుట్టూ గంట సేపు చుట్టి ఉంచి, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు కదుపుతూ వదులు చేయండి. అయినా కదలకపోతే దాన్ని మార్చాల్సిందే. రెండు నెలలకోసారి ఇంట్లో యాంగిల్ కాక్‌లన్నీ ఒకసారి కట్టి తిప్పే అలవాటు పెట్టుకుంటే ఈ తిప్పలు రావు.

హైదరాబాద్‌లో మా అన్న ఇంట్లో కొళాయిలు, ఫ్లష్ సామాన్లు ఏళ్ళకేళ్ళు నడుస్తాయి, మన దగ్గరే ఇంత తొందరగా ఎందుకు పాడవుతున్నాయి?

నీళ్ళు. మన జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. లోతు బోర్ల నుంచి వచ్చే నీళ్ళు రాళ్ళ మధ్య చాలా కాలం నిలిచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని వస్తాయి, దీన్నే నీటి కఠినత్వం అంటారు, మనం ఉప్పు పట్టిందనేది దీని వల్లే. తాగే నీళ్ళల్లో ఈ కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. సబ్బు నురగ రాకపోవడం, కొళాయి మూతి దగ్గర తెల్లగా గడ్డ కట్టడం, బకెట్ అడుగున సున్నం లాంటి పొర, ఇవన్నీ ఆ ఉప్పు గుర్తులే. నీళ్ళు ఆరిన ప్రతిచోటా, కదలకుండా నిలిచిన ప్రతి సందులోనూ అది రాయిలా పేరుకుంటుంది. కాబట్టి మన ఊళ్ళో ఏ సామాను మొరాయించినా మొదటి అనుమానం ఉప్పు మీదే పెట్టుకోండి. నేను చూసినవాటిలో సగానికి పైగా సామాను పాడై కాదు, ఉప్పు పట్టి ఆగినవి. కడిగితే మళ్ళీ పనిచేశాయి, కొత్తది కొనాల్సిన పనే పడలేదు.

ఆ ఉప్పు దేంతో పోతుంది?

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు. లీటరు వేడి నీళ్ళకు మూడు చెంచాలు వేసి, విప్పిన సామాను రాత్రంతా నానబెట్టండి. తెల్ల వెనిగర్ అయినా సరే. రబ్బరు వాషర్లు మాత్రం అరగంటలో తీసేయండి. పొద్దున టూత్ బ్రష్‌తో రుద్దితే పొలుసులుగా రాలిపోతుంది. బ్లేడుతో గీకితే ప్లాస్టిక్ మీద గీతలు పడి, ఆ గీతల్లోంచే మళ్ళీ కారుతుంది.

## ఫ్లష్ ట్యాంకు

ట్యాంకు నిండినా కమోడ్‌లోకి సన్నగా నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఏం మార్చాలి?

ఏమీ మార్చకండి, ముందు ఎక్కడి నుంచి కారుతోందో తెలుసుకోండి. ట్యాంకు మూత తీసి చూస్తే మధ్యలో నిలువుగా ఓవర్‌ఫ్లో గొట్టం ఉంటుంది. నీళ్ళు దాని పైఅంచు దాకా వచ్చి లోపలికి దూకుతుంటే తప్పు, నిండగానే నీళ్ళు ఆపాల్సిన బుడగ వాల్వ్, అంటే బాల్ కాక్‌ది. నీటి మట్టం గొట్టం అంచుకు ఒక అంగుళం కింద ఆగాలి. కడ్డీకి బుడగ ఉండే పాత రకమైతే కడ్డీని కొంచెం కిందికి వంచండి. నిలువుగా ఉండే కొత్త రకమైతే పక్కనున్న స్క్రూ తిప్పి బుడగను దించండి. బుడగను ఊపి చూడండి, లోపల నీళ్ళు కదిలిన చప్పుడొస్తే అది చిల్లి పడింది, మార్చాలి.

మట్టం సరిగ్గానే ఉండి కూడా కారుతుంటే అడుగున ఉన్న రబ్బరు వాషర్. దీనికి పరీక్ష ఒకటుంది. బట్టలకు వేసే నీలం నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, అరగంట ఎవరినీ బాత్రూంలోకి పోనివ్వకండి. కమోడ్‌లో నీలం రంగు కనిపిస్తే వాషర్ లీకే.

మొన్న మా వీధి చివరి పెద్దమ్మ వాళ్ళింట్లో ఇదే. ప్లంబర్ వచ్చి చూసి ట్యాంకు మొత్తం మార్చాలి, మూడు వేలవుతుంది అన్నాడట. యాంగిల్ కాక్ కట్టి, ట్యాంకు ఖాళీ చేసి, మధ్యలోని ఫ్లష్ వాల్వ్‌ని ఎడమవైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే ఊడి వచ్చింది. దాని కింద నల్ల రబ్బరు రింగు. దాని చుట్టూ వేలితో తడుముతూ పోతే ఒకచోట గరుకుగా తగిలింది. టార్చి వేసి చూస్తే రాగిగింజంత ఉప్పు గడ్డ, రబ్బరుకూ పింగాణీకీ మధ్య కూర్చుని ఉంది. గోటితో తీశాను, రింగు తిరగేసి పెట్టాను, ట్యాంకు అడుగున రబ్బరు కూర్చునే అంచు కూడా గుడ్డతో తుడిచాను. కారడం ఆగింది. ఆ చిన్న గింజ వల్ల ఎన్ని నీళ్ళు పోయాయో లెక్క వేశాం. నిమిషానికి గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు కారినా రోజుకు 288 లీటర్లు. ఆమె రోజూ రెండుసార్లు మోటారు వేస్తోంది, బోరు ఎండిపోతోందేమోనని టెన్షన్ పడుతోంది పాపం. రింగు గట్టిపడి, వంచితే పగుళ్ళు కనిపిస్తే కొత్తది వేయండి. పాతదాన్ని జేబులో వేసుకుని షాపుకు పోండి, కంపెనీకో సైజు ఉంటుంది.

ట్యాంకు నిండటానికి అరగంట పడుతోంది, కొళాయిల్లో మాత్రం నీళ్ళు బాగానే వస్తున్నాయి. ఎందుకు?

బాల్ కాక్‌లోకి నీళ్ళు వచ్చే చోట వేలి గోరంత జాలీ ఉంటుంది, అది మూసుకుపోయింది. యాంగిల్ కాక్ కట్టి, ట్యాంకు కింద కనెక్షన్ పైపు విప్పి చూడండి. సంపు కడిగిన మర్నాడు ఈ సమస్య ఎక్కువగా వస్తుంది, అడుగున కదిలిన ఇసుకంతా అక్కడికే చేరుతుంది. జాలీని సూదితో లాగి, కడిగి పెట్టేయండి. చిరాకుపడి జాలీని పారేస్తే ఈసారి ఇసుక వాల్వ్ లోపలికి పోయి బాల్ కాక్‌నే పాడు చేస్తుంది.

బటన్ నొక్కితే లోపలే ఉండిపోతోంది

బటన్ కింద కాడకు ఉప్పు. మూత తీసి, బటన్‌ని నిమ్మ ఉప్పు నీళ్ళల్లో నానబెట్టండి, కాడ కదిలే గాడిని బ్రష్‌తో రుద్దండి. నూనె పూయకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది, రబ్బరు కూడా ఉబ్బుతుంది.

ఫ్లష్ చేస్తే ఊపు లేదు, రెండు మూడు సార్లు నొక్కాల్సి వస్తోంది

అర బకెట్ నీళ్ళు తీసుకుని కమోడ్‌లోకి ఒక్కసారిగా పోయండి. శుభ్రంగా పోయిందంటే కింది దారి బాగుంది, లోపం పైన ఉంది. పైకి లేచి మెల్లగా దిగితే జామ్ మొదలైంది.

లోపం పైనైతే కమోడ్ అంచు కింద చిన్న రంధ్రాలు చూడండి, తలవంచి చూడటం కష్టం కాబట్టి చిన్న అద్దం పట్టుకుని టార్చి వేయండి. బోరు నీళ్ళ ఇళ్ళల్లో నాలుగైదేళ్ళకు ఇవి సగం మూసుకుపోతాయి. టిష్యూ కాగితాన్ని వెనిగర్‌లో ముంచి ఆ అంచు కిందంతా అతికించి రాత్రంతా వదిలేయండి, పొద్దున సన్నటి కర్రపుల్లతో ఒక్కో రంధ్రం పొడవండి. ఇనుప తీగ వద్దు, పింగాణీకి తుప్పు గీతలు పడితే పోవు. ట్యాంకులో నీటి మట్టం మరీ కిందికి పెట్టి ఉన్నా ఊపు రాదు, అదీ చూసుకోండి.

నీళ్ళు ఆదా అవుతాయని ట్యాంకులో ఇటుక వేయమంటున్నారు, వేయొచ్చా?

ఇటుక నీళ్ళల్లో నాని రజను రాలుతుంది, అది రబ్బరు కింద చేరి లీకు తెస్తుంది. పాత 10 లీటర్ల ట్యాంకైతే లీటరు బాటిల్లో నీళ్ళు నింపి, మూత బిగించి, సామాను కదలికకు అడ్డం రాకుండా మూలన నిలబెట్టండి. రెండు బటన్ల కొత్త రకం ఇప్పటికే మూడు, ఆరు లీటర్ల లెక్కన వదులుతుంది, అందులో ఏమీ వేయకండి.

## జామ్ అయినప్పుడు

కమోడ్‌లో నీళ్ళు పైదాకా వచ్చేశాయి, ఇప్పుడు ఏం చేయాలి?

మళ్ళీ ఫ్లష్ నొక్కకండి. అందరూ చేసే తప్పు అదే. యాంగిల్ కాక్ కట్టేసి అరగంట ఆగండి, చాలాసార్లు మట్టం దానంతటదే దిగుతుంది. తర్వాత రబ్బరు పంపు పెట్టండి. పంపు గిన్నె నీళ్ళల్లో మునగాలి, గాలి మీద కొడితే పనిచేయదు. మొదటి తోపు మెల్లగా, ఆపైన పదిహేను ఇరవై సార్లు లాగడం మీద బలం పెట్టి కొట్టండి, తోయడం కంటే లాగడమే అడ్డాన్ని కదుపుతుంది. పంపు లేకపోతే కర్రకు పాత గుడ్డ లావుగా చుట్టి, పైన ప్లాస్టిక్ కవర్ కట్టి వాడొచ్చు. మూడు విడతలు చేసినా కదలకపోతే స్ప్రింగ్ తీగ ఉన్న మనిషిని పిలవండి. ఇంట్లో అన్ని బాత్రూములూ ఒకేసారి ఆగితే అడ్డం కమోడ్‌లో లేదు, బయట చాంబర్‌లోనో సెప్టిక్ ట్యాంకులోనో ఉంది, పంపు కొట్టి లాభం లేదు.

యాసిడ్ పోస్తే జామ్ పోతుంది కదా?

పోదు. గుడ్డ, ప్యాడ్, ప్లాస్టిక్ ఏవీ యాసిడ్‌కు కరగవు. నిలిచిన నీళ్ళల్లో యాసిడ్ పోసిన తర్వాత పంపు కొడితే అది మీ ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంకా ముఖ్యం, యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపకండి. ఒకటి పోశాక ఇంకోటి పోసినా అంతే. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. దయచేసి ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా ఈ మాట చెప్పండి, ఆ రెండూ పక్కపక్కనే ఉండి అందేది ఆమె చేతికే.

నేల సంగతి కూడా ఉంది. మన ఇళ్ళల్లో కడప బండలో, బేతంచెర్ల బండలో పరిచి ఉంటాయి. రెండూ సున్నపురాయి జాతే. యాసిడ్ పడగానే నురగ వస్తుంది, మురికి పోతోందని సంబరపడతాం, నిజానికి బండే కరుగుతోంది. నాలుగుసార్లకు నునుపు పోయి గరుకై, తర్వాత మురికి ఇంకా గట్టిగా పడుతుంది.

బాత్రూం నేల మీద నీళ్ళు నిలిచిపోతున్నాయి

జాలీ మూత తీసి, గ్లౌజు వేసుకుని చేయి పెట్టండి. వెంట్రుకలూ సబ్బు జిగురూ కలిసి ముద్దగా వస్తుంది. లోపలి గిన్నెను కడిగి తప్పకుండా వెనక్కి పెట్టండి, వాసనను ఆపేది అదే.

## కొళాయిలు, పైపులు

కొళాయి గట్టిగా కట్టినా చుక్కలు ఆగడం లేదు

ఎక్కువ చుట్లు తిరిగే పాత కొళాయిలో అడుగున రబ్బరు వాషర్ అరిగి ఉంటుంది, రూపాయల్లో పని. నీళ్ళు కట్టి, పై నట్టు విప్పి, కాడ తీసి వాషర్ మార్చండి. సగం చుట్టుకే కట్టేసే కొత్త రకంలో లోపల సిరామిక్ బిళ్ళలు ఉంటాయి, వాటి మధ్య ఇసుక రేణువు పడితే గీత పడుతుంది, అప్పుడు కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి. చుక్క పడుతోందని ఇంకా గట్టిగా బిగించడం మానండి, ఉన్న వాషర్ కూడా నలిగిపోతుంది.

టెఫ్లాన్ టేప్ చుట్టినా మర దగ్గర కారుతోంది

ఎదురు వైపు చుట్టి ఉంటారు. మర మీ వైపు చూసేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు లాగి పట్టి చుట్టాలి. అర అంగుళం మరకు పది పన్నెండు చుట్లు వేయండి, మన దగ్గర దొరికే టేపు పలచన. బిగించాక వెనక్కి ఒక్క పిసరు తిప్పినా టేపు తెగుతుంది, అప్పుడు విప్పి కొత్తగా చుట్టడం తప్ప దారి లేదు. కనెక్షన్ పైపు చివర రబ్బరు వాషర్ ఉన్న చోట మాత్రం టేపు అక్కర్లేదు.

పైపు పగిలింది, ఎంసీల్ పెడితే సరిపోతుందా?

పైపు పూర్తిగా ఆరితే, గరుకు కాగితంతో రుద్దితే, కొన్నాళ్ళు ఆగుతుంది. ప్లంబర్ వచ్చేదాకా గడుపుకోవడానికి అది. సరైన పద్ధతి పగిలిన ముక్క కోసి, రెండు చివరలనూ కలిపే కప్లింగ్ వేయడమే. తెల్ల యూపీవీసీ పైపుకు దాని గమ్ము, వేడినీళ్ళకు వేసే సీపీవీసీ పైపుకు దాని గమ్ము వేరు, ఒకటి తెచ్చి రెండింటికీ పూయకండి. గమ్ము రాసి లోపలికి తోస్తూ పావు చుట్టు తిప్పి, అర నిమిషం కదలకుండా పట్టుకోండి. మిద్దె మీద పైపులు తరచూ పగులుతుంటే కారణం ఎండ. మన ఎండకు ప్లాస్టిక్ పెళుసవుతుంది, తెల్ల రంగు వేసి ఉంచండి.

ట్యాంకు నిండా నీళ్ళున్నాయి, కొళాయి తిప్పితే గాలి వస్తోంది గానీ నీళ్ళు రావడం లేదు

ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయి మళ్ళీ నింపారు కదా, పైపులో గాలి పట్టింది. ఎండాకాలంలో కార్పొరేషన్ నీళ్ళు ఆలస్యమైన ప్రతిసారీ ఇదే గొడవ. ఇంట్లో అన్నిటికంటే కిందున్న కొళాయి పూర్తిగా తిప్పి పది నిమిషాలు వదిలేయండి. రాకపోతే ఆ కొళాయి మూతికి గొట్టం బిగించి గట్టిగా ఊది, వెంటనే వదలండి, బుడబుడమని మొదలవుతుంది.

## వాసన, సెప్టిక్ ట్యాంకు

ఎంత కడిగినా బాత్రూంలో వాసన పోవడం లేదు

వారం ఊరెళ్ళి వచ్చాక మొదలైందా? అయితే జాలీ కింది ట్రాప్‌లో నిలవాల్సిన నీళ్ళు ఆరిపోయాయి. పైపులోని గాలి ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ రెండంగుళాల నీళ్ళే. రెండు చెంబులు పోయండి, పోతుంది. ఎవరూ వాడని గెస్ట్ బాత్రూంలో వారానికోసారి పోస్తుండండి, మే నెలలో ఇంకా తొందరగా ఆరుతుంది. అయినా పోకపోతే కమోడ్ అడుగున నేలతో కలిసే చోట తెల్ల సిమెంటు పగిలిందేమో చూడండి.

ఫ్లష్ చేస్తే జాలీలో గుడగుడమంటోంది

గాలి పోయే దారి లేదు. మిద్దె పైకి వెళ్ళే వెంట్ పైపు మూతిలో పిచ్చుక గూడో, తేనెతుట్టో ఉందేమో చూడండి. కొందరు పైన గది కట్టేటప్పుడు ఆ పైపును కోసి మూసేస్తారు. అదీ బాగుంటే సెప్టిక్ ట్యాంకు నిండుతోందని అర్థం.

సెప్టిక్ ట్యాంకు మూత తీసి నేనే చూడొచ్చా? ఎన్నాళ్ళకు తీయించాలి?

రెండు మూడేళ్ళకోసారి మిషన్ బండితో తీయించండి, నిండి పొంగేదాకా ఆగకండి. మూత మీరు తీయొద్దు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువులుంటాయి, అది ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, అందుకే లోపల ఏమీ లేదనుకుని దిగుతారు. దిగిన మనిషిని కాపాడబోయి రెండో మనిషీ పోతాడు. డబ్బులిస్తామని ఎవరినీ దించకండి. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం, మీ ఇంట్లో జరిగితే బాధ్యత మీదే. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను. బండి గొట్టం అందడం లేదు, అన్నా ఒక్క నిమిషం దిగుతానని వచ్చిన కుర్రాడిని మా గేటు దగ్గరే ఆపి, మర్నాడు పొడవు గొట్టం ఉన్న బండిని పిలిపించాను.

## ప్లంబర్ని పిలిచాక

ప్లంబర్ వచ్చినప్పుడు ఏం చూసుకోవాలి?

వచ్చేముందే లోపం ఫోన్లో వీడియో తీసి పంపండి, సామాను తెచ్చుకుంటాడు, రెండో ట్రిప్పు ఉండదు. కూలి వేరు, సామాను వేరు అని ముందే మాట్లాడుకోండి. విప్పిన పాత సామాను మీకే ఇమ్మనండి, బాగున్నదాన్ని మార్చాడా లేదా మీకే తెలుస్తుంది, సైజుకూ పనికొస్తుంది. పని అయ్యాక డబ్బులిచ్చే ముందు నీళ్ళు వదిలి, ప్రతి జాయింటు చుట్టూ పొడి టిష్యూ తిప్పండి. కంటికి కనపడని చెమ్మ కూడా కాగితం మీద మచ్చగా తేలుతుంది. అదంతా చూడటానికి పది నిమిషాలు పడుతుంది. అందాకా మనిషికి టీ ఇచ్చి కూర్చోబెట్టండి.